పుండు మానేదాకా రాత్రి వంట

వానలు మొదలైన వారంలోనే మా ఆయన కుడికాలి వేలికి పుండు పడింది. భివండీలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిచే కార్ఖానాలో నేలంతా నూనె. చెప్పులు జారతాయని మగవాళ్ళంతా వట్టి కాళ్ళతోనే మగ్గాల మధ్య తిరుగుతారు. ఏదో ఇనుప ముక్క గీరుకుంది. గీరుకున్న సంగతి ఆయనకే తెలియదు. ఆయనకు షుగర్ ఉంది, అది ముదిరితే పాదాలు మొద్దుబారతాయట. కాళ్ళు కడుక్కుని వచ్చి గచ్చు మీద నిలబడితే అడుగు పడిన చోట ఎర్రగా మరక కనిపించింది. అది చూసింది నేను.

డాక్టరమ్మ మరాఠీ ఆవిడ. మాతో హిందీలో మాట్లాడుతుంది, మెత్తగా చెప్పడం రాదు. నాకు అలాంటివాళ్ళే నచ్చుతారు. చక్కెర దిగితే పుండు మానుతుంది, దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది, వేలుతోనే ఆగుతుందని కూడా మాట ఇవ్వలేను అంది. మందులు రాసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, రాత్రి అన్నం ఎంత తింటాడని అడిగింది. నేను చేతులతో కుప్ప చేసి చూపించాను. ఆవిడ తల పట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఆయన నవ్వుతున్నాడు.

"ఒక్క వేలే గదనే. ఇంక తొమ్మిదుంటయి."

"నీ లెక్కలు బంద్ చెయ్యి. వేలు తీస్తే నడుస్తవా? నడవకుంటే ఇంట్ల కూసొని నన్ను సతాయిస్తవ్. నీ వేలు గురించి గాదు నా ఫికర్."

అబద్ధమాడాను. ఆ వేలు గురించే నా ఫికరంతా. నడిచినంత కాలమే మగ్గం మనిషికి బతుకు. పొద్దున ఎనిమిదికి ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగేదాకా నాలుగు సాంచాల చుట్టూ తిరుగుతూ పుట్టిన ఊరు మరిచి ముసలివాడైన మనిషిని మంచం మీద చూడటం నావల్ల కాదు.

మా సేఠ్ మంచివాడు. ఆయనను మగ్గాల మీదినుంచి తీసి, కూర్చుని తాకాలు మడతపెట్టే పని ఇచ్చాడు. నేసిన బట్ట చుట్టను తాకా అంటాం. కాలు కింద ఆనకుండా పీట మీద పెట్టుకుని పొద్దంతా అదే పని. మిగిలింది తిండి. అది నా చేతిలో ఉంది.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. మా తెలుగువాళ్ళు సాయంత్రాలు పెద్దవాళ్ళకు చెప్పే తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. చదవడం వచ్చాక వంటల పుస్తకాలు కూడా చదివాను. అన్నింటిలోనూ ఏం వండాలో ఉంటుంది. రోజూ అదే మనిషికి, అదే భయంతో, విసుగు రాకుండా ఎలా వండాలో ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. అందుకని నేను చేసింది రాస్తున్నాను.

మా ఇళ్ళలో అసలు భోజనం రాత్రిదే. పొద్దున చాయ్, ఒక రొట్టె. మధ్యాహ్నం డబ్బాలో ఏదో ఒకటి, మగ్గాల చప్పుడులో రుచి ఎవరికి తెలుస్తుంది? ఎనిమిదికి సాంచా దిగి వచ్చి స్నానం చేసి కూర్చుంటే అప్పుడు కావాలి మనిషికి అన్నం, వేడిగా, కడుపు పట్టినంత. ఆ అన్నాన్ని తీసేయాలి. తీసేసి ఆ చోట్లో ఏం పెట్టినా, అన్నం తీసేశారన్న సంగతి ఆయనకు గుర్తుకు రాకూడదు. నేను పెట్టుకున్న పని అది.

వానాకాలం కాబట్టి ఆకుకూరలకు కరువు లేదు. నార్పోలిలో మా గల్లీ మొదట్లో, టెంఘర్ అవతలి గుట్టల నుంచి వచ్చే ఆదివాసీ ఆడవాళ్ళు గోనెపట్టా పరిచి కూర్చుంటారు. వాన పడగానే గుట్ట మీద మొలిచే టాకళా ఆకు తెస్తారు. లేతగా ఉన్నప్పుడే కొనాలి, పెద్దదైతే చేదు. ఎల్లిపాయ చితకగొట్టి, ఎండుమిరపకాయ తుంచి, నానబెట్టిన పెసరపప్పు పిడికెడు వేసి మూత పెట్టకుండా వేయించాలి. మూత పెడితే రంగు పోతుంది. పుంటికూర వస్తే పప్పులో వేస్తాను, పులుపుకు చింతపండు అక్కర్లేదు. పక్కన జొన్నరొట్టె. మా కోడలు సోలాపూర్‌లో పుట్టిన తెలుగు పిల్ల. రొట్టె నాకంటే పలచగా చరుస్తుంది. పల్లీలు వేయించి, ఎల్లిపాయ, కారం వేసి రోట్లో దంచి పొడి చేస్తుంది. వట్టి రొట్టె కూడా ఆ పొడితో గొంతు దిగుతుంది. నాకు రానిది ఆ పిల్లకు వచ్చినప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నేను పెట్టుకున్న పద్ధతి చిన్నదే. పళ్ళెంలో పులుపు ఒకటి ఉండాలి, కారం ఒకటి ఉండాలి, పళ్ళ కింద కరకరలాడేది ఒకటి ఉండాలి. ఈ మూడూ ఉంటే మనిషి అన్నాన్ని అంతగా తలుచుకోడు. రేపేం వండాలో ఇవాళ రాత్రి గిన్నెలు కడిగేటప్పుడే అనుకునేదాన్ని. సాయంత్రం పొయ్యి ముందు నిలబడి ఆలోచిస్తే చెయ్యి బియ్యం డబ్బా మీదికే పోతుంది.

మొదటి వారం ఆయన మాట్లాడకుండా తిన్నాడు. రెండో వారం నోరు తెరిచాడు.

"బర్రెకు ఏసినట్టు ఏస్తున్నవ్ ఆకులు."

"బర్రె పాలన్న ఇస్తది. నువ్వేమిస్తవ్? తిను."

కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన కూడా నవ్వి ఇంకో రొట్టె తుంచుకున్నాడు.

తిన్నాక కొంతసేపటికి మనవరాలు ఆయన చేతివేలికి సూది గుచ్చి మిషన్‌లో చక్కెర చూసేది. మరాఠీ బడిలో చదువుతుంది, సగం మాటలు మావి, సగం బడివి. "తాతా, బోట్ దే, లవ్‌కర్!" అని వేలు తొందరగా ఇమ్మని గదమాయించేది. మిషన్ అంకె చూపించగానే ముఖం చూసేదాన్ని. అంకె చదవడం నాకూ వచ్చు, కానీ ముందు పిల్ల ముఖం చూసేదాన్ని.

ఆ ముఖం వెలగలేదు. దసరా వెళ్ళింది, వానలు తగ్గాయి, అన్నం పూర్తిగా మానేశాడు, మందులు నేనే చేతిలో పెడుతున్నాను. చక్కెర మాత్రం మొండిగా అక్కడే కూర్చుంది. పుండు పైకి ఆరినట్టు కనిపించేది, మళ్ళీ లోపలి నుంచి నీరు పట్టేది. కట్టు విప్పినప్పుడల్లా నేను ముందు వంగి ముక్కు దగ్గర పెట్టేదాన్ని, వాసన వస్తుందేమోనని.

అప్పుడు కోడలు ఒక సంగతి గమనించింది.

"అత్తమ్మా, శుక్రారం దిగుతుంది చూసిన్రా? ప్రతి శుక్రారం తక్కువుంటుంది. శనారం మళ్ళ ఎక్కుతుంది."

నిజమే. భివండీలో శుక్రవారం సాంచాలన్నీ బంద్. ఆ రోజు ఆయన ఇంట్లోనే ఉంటాడు. ఖాళీగా కూర్చోలేక గుమ్మంలో కూర్చుని మెంతికూర తుంచిపెడతాడు. అందుకని శుక్రవారం రాత్రి మా ఇంట్లో మెంతికూర పెసరపప్పు, సజ్జరొట్టె. వారాలుగా అదే నడుస్తోంది.

ఇంకేం, నాకు తాళంచెవి దొరికిందనుకున్నాను. మెంతులు చక్కెరకు మంచివని గల్లీలో ఎవరిని అడిగినా చెబుతారు. మరునాటి నుంచి రోజూ మెంతికూర. పప్పులో మెంతి, రొట్టెపిండిలో మెంతి, ఆలుగడ్డ బదులు వంకాయలో మెంతి. చలికాలం వచ్చింది కదా, మెంతికూర కట్టలు కట్టలుగా చవకగా దొరుకుతుంది. ఇల్లంతా అదే చేదు వాసన. గోదాములో బండి నడిపే నా కొడుకు ఒకరోజు పళ్ళెం ముందు కూర్చుని చొక్కా వాసన చూసుకున్నాడు.

"అమ్మా, నా చెమట గూడ మెంతి వాసనొస్తుంది. బండిల కూసున్నోడు అడుగుతున్నడు."

"నీ బాపు వేలు కంటే నీ చెమట ఎక్కువనా?"

వాడు నోరు మూసుకుని తిన్నాడు. అందరూ నోరు మూసుకునే తిన్నారు. అయినా చక్కెర శుక్రవారం దిగింది, మిగతా రోజులు ఎక్కింది. అదే మెంతి, అదే రొట్టె, అదే చెయ్యి. శుక్రవారానికి పనిచేసే కూర సోమవారానికి ఎందుకు పనిచేయదు? పొయ్యి ముందు నిలబడి నా చేతులను నేనే తిట్టుకున్నాను.

డాక్టరమ్మ కట్టు విప్పి చూసి పెదవి విరిచింది. ఇంకొక్కసారి చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే వేలు తీయడమే అంది. ఆరోజు రిక్షాలో ఆయన వేళ్ళు లెక్కపెట్టలేదు.

ఇంటికి రాగానే నేను అడిగేశాను. మనసులో పెట్టుకుని ఉడకడం నాకు చేతకాదు.

"నిజం చెప్పు. కార్ఖానా బయట వడాపావ్ తింటున్నవా? భజీ తింటున్నవా? మిఠాయి ఎవలన్న పెడ్తున్నరా?"

"నీ పిల్లల మీద ఒట్టు. నీ చేతి తిండి తప్ప నోట్ల ఏదీ పెడ్తలేను. చాయ్ల చక్కెర గూడ బంద్ చేసిన. ఇంక ఎట్ల చెప్పాలె నీకు?"

ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. అది నాకు తెలుసు. తెలిసీ అడిగాను. పెట్టిన మెంతిరొట్టె తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నేను తప్పు వండటం లేదు, పుండు మానడం లేదు. ఈ మూడూ ఎలా కుదురుతాయో నా బుర్రకు అందలేదు.

చలి బాగా ఉన్న ఒక రోజు ఆయన డబ్బా మరిచిపోయి వెళ్ళాడు. కోడలు ఇస్త్రీ పనిలో ఉంది, నేనే పట్టుకుని బయలుదేరాను. గైబీ నగర్ దాకా షేర్ రిక్షాలో వెళ్ళి, అక్కడి నుంచి నడిచాను. ఆ కార్ఖానాలో నేను కూడా ఒకప్పుడు కాండీలు చుట్టాను. మగ్గం గొట్టాలకు నూలు చుట్టడమన్నమాట. లోపలికి పోతే చప్పుడు మళ్ళీ చెవుల్లోకి దూరింది. పత్తి నుసి గాలిలో మంచులాగా తేలుతోంది. అందరి కనుబొమ్మలూ తెల్లగా ఉన్నాయి.

ఆయన మూలన పీట మీద కాలు పెట్టుకుని తాకా మడుస్తున్నాడు. నన్ను చూడలేదు. మడతపెట్టి పక్కన పెట్టాడు, ఒకసారి దగ్గాడు, చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. కాగితం పొట్లం తీశాడు. అందులోంచి గోళీ అంత నల్లబెల్లం ముక్క నోట్లో వేసుకుని దవడన పెట్టుకున్నాడు. మళ్ళీ తాకా అందుకున్నాడు.

నీళ్ళ కుండ దగ్గర చూస్తే, గోడగూట్లో బెల్లం అచ్చు ఉంది. మగ్గం మనిషి ఒకడు వచ్చి గిల్లి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. వెనక ఇంకొకడు వచ్చాడు.

నేను ఆయన భుజం పట్టుకుని బయటి మెట్ల మీదికి లాక్కొచ్చాను. అక్కడైతే మాట వినిపిస్తుంది.

"ఏందది నోట్ల?"

"బెల్లం."

"బెల్లమని నాకు కనవడ్తలేదా? బెల్లం ఎందుకు తింటున్నవ్?"

ఆయన నిజంగానే అర్థంకానట్టు నా ముఖం చూశాడు.

"తింటున్ననా? గొంతుల నుసి పోవద్దా? అందరు ఏసుకునేదే గదనే. నువ్వేసుకోలేదా కాండీలు సుట్టినప్పుడు?"

నేనూ వేసుకున్నాను. బుగ్గన బెల్లం లేకుండా కాండీలు చుట్టిన రోజు ఒక్కటీ లేదు. నూలు దుమ్ము గొంతులో అంటుకుంటే బెల్లం దాన్ని కిందికి దింపుతుందని మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. అది తిండి అని ఎవరూ అనుకోరు. పనికి పోయేవాడు తలకు గుడ్డ చుట్టుకుంటాడే, అలాంటిది. డాక్టరమ్మ ఆయనను ఏమేం తింటావని అడిగినప్పుడు పొద్దున నుంచి రాత్రిదాకా అన్నీ చెప్పాడు. ఉల్లిగడ్డ కూడా చెప్పాడు. బెల్లం చెప్పలేదు. నన్ను అడిగినా నేనూ చెప్పి ఉండేదాన్ని కాదు.

శుక్రవారం సాంచాలు బంద్. నుసి లేదు. దగ్గు లేదు. జేబులో పొట్లం లేదు.

నేను ఆ మెట్ల మీదే కూర్చుని నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. ఆయన భయపడ్డాడు.

"ఏమైందే? ఏందే గట్ల నవ్వుతున్నవ్?"

"నా వంట మంచిగనే ఉన్నదయ్యా. నా చెయ్యి మంచిగనే ఉన్నది. మెంతికూరను ఊకె తిట్టుకున్న."

 పుండు ఇంకా అలాగే ఉంది, భయం ఇంకా పోలేదు, అయినా దారి కనబడింది. ఆయన జేబులోంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. నోట్లో ఉన్నది కూడా ఉమ్మేశాడు. లోపలి నుంచి చూస్తున్న మగ్గం మనిషి ఒకడు అరిచాడు.

"పెద్దబాపూ, నీ వాటా మాకే ఇగ!"

"తినున్రి, తినున్రి. మీకూ నా తీర్గనే పుండ్లు వడితే మీ ఆడోళ్ళు గూడ గడ్డి పెడ్తరు!"

డాక్టరమ్మకు నేనే చెప్పాను. ఆవిడ ఆయన వైపు తిరిగి, ఇంకేమీ తినడం లేదని నాతో అన్నావు కదా అని గట్టిగా అడిగింది. ఆయన తన హిందీలో నెమ్మదిగా జవాబిచ్చాడు, తినడం లేదు మేడం, చప్పరిస్తున్నాను అని. ఆవిడ పెన్ను కింద పెట్టి పైన తిరిగే పంకా వైపు కాసేపు చూసింది. తర్వాత నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని పని చేయమంది, వేలు సంగతి ఇంకొన్నాళ్ళు ఆగి చూద్దామంది.

గుడ్డ కట్టుకున్నా గొంతుకు ఏదో ఒకటి కావాలి. అలవాటును తీసేసి ఆ చోటు ఖాళీగా వదిలితే మనిషి మళ్ళీ గోడగూటి దగ్గరికే పోతాడు. అది చలికాలం, బజారు నిండా ఉసిరికాయలు. ముక్కలు కోసి ఉప్పు, కొంచెం వాము చల్లి మేడ మీద ఎండబెట్టాను. అదే కాగితంలో, అదే జేబులో పెట్టి పంపాను. మొదటిరోజు ముఖం వంకర పెట్టుకుని వచ్చాడు. వారం తిరిగేసరికి తాకాలు మడిచే ఇంకో ముసలాయనకు కూడా కావాలన్నాడని అదనంగా అడిగి పట్టుకెళ్ళాడు.

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కునే లోపు ఒక గ్లాసు చారు ఇచ్చేదాన్ని. మిరియాలు, జీలకర్ర, ఎల్లిపాయ దంచి, టమాటా పిసికి, కొత్తిమీర కాడలతో సహా వేసి పలచగా మరిగిస్తే చాలు. అది గొంతునూ కడుగుతుంది, ఆకలి మంటనూ సగం ఆర్పుతుంది. ఆకలి చల్లారాక కూర్చున్న మనిషి నెమ్మదిగా తింటాడు.

మెంతికూరకు సెలవిచ్చాను. లేత అనపకాయలు వచ్చాయి, గింజలు వొలిచి నువ్వులపొడి వేసి కూర చేశాను. చిన్న వంకాయలు పల్లీలతో చేశాను. నిప్పుల మీద సజ్జరొట్టె ఉబ్బి పైపొర లేచినప్పుడు అందులో కారం, ఉల్లిగడ్డ పెట్టి వేడివేడిగా పళ్ళెంలో వేసేదాన్ని. నా కొడుకు కూడా మళ్ళీ రెండోసారి అడగడం మొదలుపెట్టాడు. మనవరాలి ముఖం ఒక సోమవారం రాత్రి వెలిగింది. "బాపమ్మా! కమీ ఝాలా! తగ్గింది!" అని మిషన్ ఎత్తి చూపించింది. మరునాడు కూడా వెలిగింది. ఆ తర్వాత నేను పిల్ల ముఖం చూడటం మానేసి నేరుగా అంకె చూడటం మొదలుపెట్టాను.

పుండు అంచుల నుంచి లోపలికి గులాబీ రంగు తిరిగింది. బయట ఎండలు ముదిరాయి. గంగవాయిలు కూర వచ్చింది, దాన్ని పప్పులో వేస్తే పులుపు, జిగురు రెండూ ఉంటాయి. పచ్చి మామిడికాయలు వచ్చాయి. కాల్చి గుజ్జు తీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పిసికి, నీళ్ళు పోసి పచ్చిపులుసు చేశాను. ఉక్కలో పొయ్యి ముందు ఎక్కువసేపు నిలబడలేం, ఆయనకూ వేడి తిండి పోదు. జొన్నరవ్వతో గటుక వండి, చల్లారబెట్టి మజ్జిగ పోసి, పక్కన పచ్చిపులుసు పెడితే గిన్నె నాకి లేచాడు. అన్నం ఊసే ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఒక పిడికెడు పెట్టేదాన్నేమో.

మామిడిపళ్ళు బజారులోకి దిగిన రోజుల్లో డాక్టరమ్మ కట్టు విప్పింది. వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. పుండు ఉన్న చోట కొత్త చర్మం, మెరుస్తూ, పక్క చర్మం కంటే తెల్లగా. దూది తీసి చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కుంది. ఇక ఈ పుండు కోసం మీరు రావద్దు, మందులు మానొద్దు, వట్టి కాళ్ళతో నడవొద్దు అంది. ఆయన సరే సరే అంటూ చెప్పులో కాలు పెట్టాడు. కట్టు లేక చెప్పు వదులుగా ఉందని నవ్వుకున్నాడు.

దవాఖానా బయట మూడు మెట్లున్నాయి. ఆయన గబగబా దిగిపోయాడు. నేను దిగలేకపోయాను. కడ్డీ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఏడుపు కాదు. ఒళ్ళంతా వదులైపోయింది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"నా వేలు మానింది. నీ కాళ్ళకేమొచ్చింది మల్ల?"

"జెర కూసోనియ్యి. ఏడాది నుంచి నిలవడే ఉన్న."

ఆయన మళ్ళీ మెట్లు ఎక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని దాటుకుని పోయారు. 

ఆ రాత్రి వంట కోడలు చేసింది. ఏం చేస్తున్నావని నేను అడగలేదు, వంటింట్లోకి తొంగి చూడలేదు. పెట్టింది తిన్నాను. ఉప్పు కొంచెం తక్కువైంది. ఇంకోసారి పెట్టించుకున్నాను.